నాడు పుష్టి, నేడు నాజూకు: తారల బరువు కథ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. బందరు కోట గురించి, డచ్చివారి సమాధుల గురించి, ఆంధ్ర జాతీయ కళాశాల గురించి మిత్రులు ఇదివరకే రాసి ఉన్నారు. అందువల్ల ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎంచుకున్నాను. సినిమా తారలు, పేరున్న పెద్దలు బరువు ఎలా తగ్గుతారు, ఆ పద్ధతులు క్షేమమేనా అన్నది ఆ విషయం.

ఇదేం చరిత్ర అని కొందరు నవ్వవచ్చు. కాని ఈమధ్య మన సమావేశాల్లో భోజనాల దగ్గర డి.ఏ. బకాయిల కంటే కిలోల లెక్కే ఎక్కువగా వినిపిస్తున్నది. ఫలానా హీరో మూడు నెలల్లో ఇంత తగ్గాడట, మా అల్లుడూ అదే చేస్తున్నాడు, నేనూ మొదలుపెట్టాను అనేవారు కనబడుతున్నారు. డెబ్బై దాటిన శరీరంతో ఈ ప్రయోగానికి దిగేముందు దాని పూర్వాపరాలు తెలుసుకోవడం మంచిదని నా మనవి. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. ఒక విషయం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, మధ్యలో ఏం జరిగింది అని తేదీల వారీగా పేర్చి చూపడం నాకు వచ్చిన పని. ఇక్కడా ఆ పనే చేస్తాను.

చిక్కిపోయావేం?

మన చిన్నతనంలో ఊరి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి చూసి అమ్మమ్మ మొదట అనే మాట "ఏరా, చిక్కిపోయావు" అని. అందులో ఉన్నది ఆందోళన. "కాస్త ఒళ్ళు చేశాడు" అంటే సంతోషం. పెళ్ళిచూపుల్లో పిల్ల బొద్దుగా ఉందంటే మెచ్చుకోలు. ఇవాళ అదే అమ్మమ్మ మనవరాలు "తగ్గావే!" అన్న మాట కోసం ఎదురుచూస్తున్నది. రెండు తరాల్లో మాట తిరగబడింది. ఈ తిరగబాటు ఎలా జరిగిందో అర్థం కావాలంటే మన డెల్టా చరిత్రను కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి.

1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును పెద్దలు నందన కరువనీ, డొక్కల కరువనీ చెప్పుకునేవారు. గుంటూరు సీమతో పాటు బందరు వైపు కూడా అది మనుషులను ఎముకల గూళ్ళుగా మార్చింది. ఆ తర్వాత 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తి చేశారు. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది. గుడివాడ, బందరు తాలూకాల్లో మూడు పూటలా అన్నం తినే కుటుంబాలు పెరిగాయి. డొక్కలు చూసిన జాతికి కడుపు నిండిన ఒళ్ళు కలిగిన ఇంటి గుర్తు. లావు మనిషిని చూసి లక్ష్మీకళ అన్నది అందువల్లనే.

డెల్టాలో కూడా ఆ భయం మొన్నమొన్నటి దాకా పోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికి నాకు సర్వీసు పట్టుమని మూడేళ్ళు లేదు. సహాయ కార్యక్రమాల డ్యూటీ మీద అవనిగడ్డ వెళ్ళి, బియ్యం పంపిణీ రిజిస్టరు రాశాను. వేలిముద్ర వేయడానికి వచ్చిన చేతుల్లో మణికట్టు ఎముకలు పైకి పొడుచుకు వచ్చి కనిపించేవి. కొందరు బియ్యం అందిన తర్వాత కూడా అన్నం తినలేక కక్కుకునేవారు. పస్తులున్న ఒంటికి ఒక్కసారి కూడు పెట్టకూడదని, గంజితో మొదలుపెట్టాలని వైద్య సిబ్బంది చెబుతుండేవారు. బరువు త్వరగా పోవడం అంటే ఏమిటో నేను మొదట చూసింది అక్కడ. బాధితుల కోసం రామారావు గారు, నాగేశ్వరరావు గారు మొదలైన నటులు జోలె పట్టి విరాళాలు వసూలు చేసిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది.

మన గడ్డ మీది తారలు

ఆ ఇద్దరూ మన ప్రాంతం వారే. నందమూరి తారక రామారావు గారు 1923లో పామర్రు దగ్గర నిమ్మకూరులో, అక్కినేని నాగేశ్వరరావు గారు 1924లో గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో పుట్టిన చౌటపల్లి కూడా గుడివాడ పక్కనే. ఎస్.వి. రంగారావు గారు 1918లో నూజివీడులో జన్మించారు. నాలుగు దిక్కులా ఇంతమంది ప్రముఖులున్న మనకు తారల శరీరం గురించి వేరే దేశం నుంచి పాఠం తెచ్చుకోవలసిన పని లేదు.

ఆ రోజుల్లో ఎవరి ఒళ్ళు వారికి ఉండేది. 1957లో విడుదలైన 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా రంగారావు గారు పెళ్ళి వంటకాల ముందు కూర్చున్న దృశ్యం చూసి హాలంతా కడుపారా నవ్వింది. దుర్యోధనుడికీ, భీముడికీ నిండైన విగ్రహం కావాలి కాబట్టి రామారావు గారి విగ్రహం అలాగే నచ్చింది. సూర్యకాంతం గారిని సన్నగా ఊహించగలమా? ప్రేక్షకుడు తూకం వేయలేదు, నటన చూశాడు.

మరి చిక్కిన పాత్ర వస్తే ఏం చేసేవారు? 1953లో వచ్చిన 'దేవదాసు' ఇందుకు మంచి ఉదాహరణ. దర్శకుడు వేదాంతం రాఘవయ్య గారు మన కూచిపూడి వారు, కథానాయకుడు మన గుడివాడ ప్రాంతం వారు. తాగి తాగి క్షీణించిన మనిషిగా కనబడడానికి నాగేశ్వరరావు గారు పస్తులుండి ఒళ్ళు పాడుచేసుకోలేదు. రాత్రి పొద్దుపోయాక షూటింగులు పెట్టుకుని, నిద్రమత్తుతో బరువెక్కిన కళ్ళను నటనకు వాడుకున్నారు. ఆ సంగతి ఆయనే తర్వాతి రోజుల్లో చెప్పారు. చిక్కినట్లు నటించడం వేరు, చిక్కిపోవడం వేరు అన్న తెలివి ఆనాటి వారికి ఉంది.

కూచిపూడి మాట వచ్చింది కాబట్టి వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని కూడా తలచుకోవాలి. 1935లో పుట్టి 2012లో కన్నుమూసిన ఆయన స్త్రీ పాత్రలకు, ముఖ్యంగా సత్యభామకు ప్రసిద్ధి. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. పురుషుడు సత్యభామగా నమ్మించాలంటే నడుము, మెడ, నడక అన్నీ అదుపులో ఉండాలి. ఆ అదుపు పసితనం నుంచీ చేసిన అడవుల సాధన వల్ల వచ్చింది. మూడు నెలల్లో వచ్చినది కాదు.

అయితే పాతకాలమంతా బంగారమని నేను అనను. రంగారావు గారు 1974 జూలైలో, 56వ ఏట గుండెపోటుతో పోయారు. అదే 1974లో నాగేశ్వరరావు గారికి అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆయన తిండిలో, వ్యాయామంలో కట్టుబాటు పాటించారు. తర్వాత నలభై ఏళ్ళు జీవించి, 2014 జనవరి 22న తొంభయ్యో ఏట వెళ్ళిపోయారు. అధిక బరువు గుండెకు, కీళ్ళకు, సుగరుకు చేటు అన్నది నిజం. తగ్గవలసిన వారు తగ్గాలి. ఏ దారిలో తగ్గాలన్నదే మన ప్రశ్న.

ఇన్‌వార్డు తేదీ, అవుట్‌వార్డు తేదీ

సన్నతనం మోజు మనకంటే ముందు పడమటి దేశాల్లో మొదలైంది. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవసంస్కారాల వ్యాపారి, రొట్టె, పంచదార, బంగాళాదుంప మానేసి తాను ఎలా తగ్గాడో చిన్న పుస్తకం అచ్చువేశాడు. అది ఎంతగా అమ్ముడుపోయిందంటే, ఆయన పేరే కొన్నాళ్ళు పథ్యానికి పేరయింది. ఇవాళ 'అన్నం మానండి' అని చెప్పే పద్ధతులన్నిటికీ ఆయన తాతగారి వంటివాడు.

తర్వాత మందులు వచ్చాయి. వాటి చరిత్రను మన తపాలా రిజిస్టరు లాగా రాస్తే తేలికగా అర్థమవుతుంది. ఒక్కొక్కదానికీ వచ్చిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది.

మొదటిది డైనైట్రోఫినాల్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ మందుగుండు కర్మాగారాల్లో దీనితో పనిచేసిన కూలీలు చిక్కిపోవడం, కొందరు చనిపోవడం గమనించారు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు దాన్ని బరువు తగ్గే మందుగా పరిచయం చేశారు. వేలాది మంది మింగారు. కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్ళు కాలిపోయినట్లు జ్వరమొచ్చి మరణించారు. 1938 చట్టంతో దాన్ని ఆపారు.

రెండవది ఆంఫెటమిన్ మాత్రలు. హాలీవుడ్ నటి జూడీ గార్లండ్ మన ఘంటసాల గారు పుట్టిన 1922లోనే పుట్టింది. పదహారు పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే సన్నగా ఉండాలని స్టూడియోలో ఇటువంటి మాత్రలు అలవాటు చేశారు. అవి నిద్ర చెడగొట్టేవి. నిద్ర కోసం మళ్ళీ వేరే మాత్రలు. 1969లో నిద్రమాత్రలు ఎక్కువై 47వ ఏట మరణించింది.

మూడవది 1990ల్లో అమెరికాలో ఊపిన ఫెన్‌ఫెన్ జంట మందు. వాడిన 24 మంది స్త్రీలకు గుండె కవాటాలు చెడినట్లు 1997లో మేయో క్లినిక్ వైద్యులు వెల్లడించారు. ఆ సెప్టెంబరులోనే అందులోని ఫెన్‌ఫ్లురమిన్‌ను ఉపసంహరించారు. నాలుగవది సిబుట్రమిన్. 1997లో అమెరికాలో అనుమతి పొందింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతున్నదని తేలి 2010లో అక్కడా ఐరోపాలోనూ పోయింది. మన దేశంలో 2011 ఫిబ్రవరిలో నిషేధించారు. ఐదవది రిమోనబంట్. 2006లో ఐరోపాలో వచ్చి, మనసును కుంగదీస్తున్నదని 2008లోనే ఆగిపోయింది.

ఈ ఐదింటిలో నేను గమనించిన విషయం ఒకటే. ఇన్‌వార్డు రోజున ప్రతిదానికీ మేళతాళాలతో స్వాగతం జరిగింది. చెడు సంగతి ఏళ్ళ తర్వాత బయటపడింది. ఈ మధ్యకాలంలో మింగినవారే దాని ఖర్చు భరించారు.

తెలుగు తెర సన్నబడిన వైనం

మన వైపు ఈ గాలి 1990ల్లో బలంగా వీచింది. కేబుల్ టి.వి. ఇంటింటికీ వచ్చింది. 1994లో సుస్మితా సేన్ విశ్వసుందరిగా, ఐశ్వర్యా రాయ్ ప్రపంచ సుందరిగా ఒకే సంవత్సరం ఎంపికయ్యారు. బెజవాడలో, తర్వాత బందరు, గుడివాడల్లో కూడా జిమ్ములు వెలిశాయి. పత్రికల్లో 'ముందు, తర్వాత' అనే జంట ఫోటోల ప్రకటనలు మొదలయ్యాయి.

2007 ఆగస్టులో 'యమదొంగ' వచ్చినప్పుడు మన జిల్లాలో జరిగిన చర్చ చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నిమ్మకూరు వారి మనవడు జూనియర్ ఎన్.టి.ఆర్. అంతకుముందు బాగా లావుగా ఉండి, ఆ చిత్రానికి గుర్తుపట్టలేనంత సన్నబడ్డారు. దర్శకుడు రాజమౌళి గారి సలహా మీద తగ్గారని అందరికీ తెలిసింది. ఆయన తర్వాత వ్యాయామంతో ఆ శరీరాన్ని నిలుపుకుంటూ వచ్చారు, సంతోషం. కాని ఆ సంవత్సరం మన ఊళ్ళల్లో కుర్రాళ్ళు చేసిన పని ఏమిటి? పోస్టరు చూసి పగలంతా పస్తులు, సాయంత్రం జిమ్ము. నటుడికి వెనకాల శిక్షకుడు ఉంటాడు, వంటమనిషి ఉంటాడు, వైద్యుడు ఉంటాడు, పారితోషికం ఉంటుంది. పోస్టరు మీద వాళ్ళెవరూ కనబడరు.

2015వ సంవత్సరం ఈ చరిత్రలో విషాదమైనది. ఆర్తీ అగర్వాల్‌ను మన ఇళ్ళల్లో అందరూ ఎరుగుదురు. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్', 2002లో 'ఇంద్ర'. అమెరికాలో పుట్టి పెరిగినా తెలుగు వారి అమ్మాయిగానే చూసుకున్నాం. తర్వాత కొంత ఒళ్ళు వచ్చింది, అవకాశాలు తగ్గాయి. ఆమె బరువు మీద పత్రికలు, ప్రేక్షకులు చేసిన వ్యాఖ్యలకు లెక్కలేదు. 2015 జూన్ 6న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఆమె మరణించింది. వయసు 31. కొన్ని వారాల ముందు కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్నదని, ఆ తర్వాత ఊపిరి సమస్యతో బాధపడిందని వార్తలు వచ్చాయి. 2022 మేలో బెంగుళూరులో 21 ఏళ్ళ కన్నడ నటి చేతనా రాజ్ ఇటువంటి శస్త్రచికిత్స తర్వాతే ప్రాణం కోల్పోయింది.

లిపోసక్షన్ అనే ఈ శస్త్రచికిత్స 1970ల్లో ఇటలీ, ఫ్రాన్స్ వైద్యుల చేతిలో రూపుదిద్దుకున్నది. చర్మం కింద గొట్టం పెట్టి కొవ్వును లాగుతారు. ఇది ఒక చోట పేరుకున్న కొవ్వు తీసి ఆకారం సరిచేయడానికి ఉద్దేశించినది. బరువు తగ్గించే వైద్యం కాదని ఆ శాస్త్రం చదివిన సర్జన్లే చెబుతారు. రక్తపు గడ్డగాని, కొవ్వు రేణువుగాని ఊపిరితిత్తుల్లోకి చేరడం, మత్తుమందు వికటించడం, క్రిములు సోకడం వంటి ప్రమాదాలు ఇందులో ఉన్నాయి. అర్హులైన వారి చేతిలో, సరైన ఆసుపత్రిలో ఇవి అరుదు. అరుదు అంటే లేవని కాదు.

అదే 2015 నవంబరులో 'సైజ్ జీరో' అనే సినిమా వచ్చింది. బరువు తగ్గిస్తామనే కేంద్రాల మోసాన్ని చూపిన చిత్రం అది. అందులో అనుష్క గారు పాత్ర కోసం నిజంగానే ఒళ్ళు పెంచారు. ఆర్తి పోయిన ఆరు నెలలకే వచ్చిన ఆ సినిమాను మన వాళ్ళు పెద్దగా ఆదరించలేదు.

కొబ్బరి నూనె రోజులు

2017, 2018 ప్రాంతంలో బెజవాడ కేంద్రంగా వీరమాచనేని రామకృష్ణ గారి పేరు రెండు రాష్ట్రాల్లోనూ మారుమోగింది. ఆయన సభలు జనంతో కిటకిటలాడాయి. అన్నం, పంచదార, పండ్లు మాని, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరి నూనె వంటి కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు విటమిన్ మాత్రలు అనే నియమాలు పిల్లలకు కూడా కంఠతా వచ్చాయి. బరువు తగ్గామని, సుగరు అదుపులోకి వచ్చిందని చెప్పినవారు చాలామంది. వైద్యుల్లో పలువురు అభ్యంతరం చెప్పారు. టి.వి.లో చర్చలు జరిగాయి.

ఈ కొవ్వు భోజనం కొత్తది కాదు. 1921లో మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం కీటో పథ్యం ప్రతిపాదించారు. అది ఆసుపత్రి పర్యవేక్షణలో, కొలతల ప్రకారం ఇచ్చేది. అన్నం మానేస్తే మొదటి వారాల్లో బరువు తగ్గడం నిజమే, అందులో కొంత నీరు. ఏడాది తిరిగేసరికి ఇతర పథ్యాలకూ దీనికీ తేడా కొంచెమే మిగులుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. అసలు ప్రమాదం మందులు వాడే వారికి. ఇన్సులిన్, కొన్ని సుగరు మాత్రలు మనం తినే అన్నాన్ని లెక్కలోకి తీసుకుని డాక్టరు నిర్ణయించినవి. అన్నం మాని మందు అలాగే కొనసాగిస్తే సుగరు పాతాళానికి పడిపోతుంది.

గుడివాడ మిత్రులొకరి ఉదంతం ఇక్కడ చెప్పాలి. పేరు రాయవద్దన్నారు గాని సంగతి మాత్రం తప్పక రాయమన్నారు. ఆయనకు పదిహేనేళ్ళుగా సుగరు. ఒక సినిమా ప్రముఖుడు తాను ద్రవాలతో ఎలా తగ్గాడో చెప్పిన వీడియో ఫోనులో చూశారు. డాక్టరును అడగకుండా భోజనం మానేసి రసాల మీద ఉన్నారు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. పన్నెండవ రోజు తెల్లవారుజామున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మూడు నెలల మంచం, ఇప్పుడు నాలుగు కాళ్ళ ఊతకర్ర. "ఐదు కిలోలు తగ్గాను, కాలు పోగొట్టుకున్నాను" అని ఆయనే నాతో అన్నారు. పరామర్శకు వెళ్ళినప్పుడు వారి శ్రీమతి గారు "ఆ వీడియోలో ఆయనకు సుగరుందో లేదో ఎవరు చెప్పారు అన్నయ్యగారూ?" అని అడిగారు. నా వ్యాసం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

పస్తు తర్వాత ఏమవుతుంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలికి గురైన వారికి తిరిగి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరు నెలలు సగం తిండి పెట్టారు. వాళ్ళ బరువు నాలుగో వంతు తగ్గింది. దానితో పాటు బలం, ఉత్సాహం, చదువు మీద ధ్యాస కూడా తగ్గాయి. చలి, చిరాకు, దిగులు పట్టుకున్నాయి. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన. తిండి పెట్టిన తర్వాత ఎంత తిన్నా తృప్తి కలగని స్థితి చాలాకాలం ఉండిపోయింది. దీన్ని చదివినప్పుడు నాకు అవనిగడ్డ రిజిస్టరులో వేలిముద్రలు వేసిన చేతులు కళ్ళ ముందు కదిలాయి.

అమెరికా టి.వి.లో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువమంది పోయిన బరువులో చాలా భాగం తిరిగి తెచ్చుకున్నారు. పైగా వారి శరీరాలు ఆ పరిమాణం గల మనిషి ఖర్చు చేయవలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. శరీరం కరువును మరచిపోదు. పస్తు పెట్టిన యజమాని మళ్ళీ పెడతాడేమోనని పొదుపు నేర్చుకుంటుంది.

మన పెద్దలు ఉపవాసం పెట్టినప్పుడు ఈ విషయం ఆలోచించే పెట్టారనిపిస్తుంది. ఏకాదశి నాడు ఉపవాసమంటే ద్వాదశి నాడు పారణ ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, దేనితో విడవాలో ముందే చెప్పారు. ఈనాటి పథ్యాల్లో ఉపవాసం చెప్పేవారే గాని పారణ చెప్పేవారు తక్కువ.

సూది మందు కాలం

అమెరికా టి.వి. ప్రముఖురాలు ఓప్రా విన్‌ఫ్రే 1988లో ద్రవాహారంతో 67 పౌండ్లు తగ్గి, అంత కొవ్వును బండి మీద పెట్టి స్టేజీ మీదికి లాక్కొచ్చింది. ఆ బరువు తిరిగి వచ్చేసింది. 2023 డిసెంబరులో తాను బరువు తగ్గే మందు వాడుతున్నట్లు ఆమే చెప్పింది. ముప్పై ఐదేళ్ళ పోరాటం తర్వాత నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి. మందు వాడుతూ కేవలం వేణ్ణీళ్ళు, నడక అని చెప్పే ప్రముఖులు ఎందరో ఉంటారు.

ఆ జాతి మందులు మన దేశంలోకీ వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే పేర్లతో అమ్మకానికి విడుదలయ్యాయి. వారానికొక సూది. ఆకలి మందగించి, కొద్దిగా తింటే కడుపు నిండుతుంది. ఇవి పాత మాత్రల వంటి బూటకం కాదు. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గినట్లు 2021లో ప్రచురించారు. సుగరు ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి వేరే లాభాలు కూడా కనిపించాయి. కాని సూది ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. వాంతులు, వికారం సాధారణం. పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. ఒక రకం థైరాయిడ్ క్యాన్సరు కుటుంబంలో ఉన్నవారు వాడరాదు. తగ్గే బరువులో కొంత భాగం కండ. ముప్పై ఏళ్ళ నటుడు జిమ్ముకు వెళ్ళి ఆ కండ తిరిగి తెచ్చుకుంటాడు. డెబ్బై ఏళ్ళ పెన్షనరుకు పోయిన కండ అంత తేలికగా రాదు. కండ తగ్గితే కాలు తడబడుతుంది. కాలు తడబడితే ఏమవుతుందో గుడివాడ మిత్రుని కథ చెప్పింది.

ప్రొసీడింగ్సు చాలదు, నోట్ ఫైలు కావాలి

మనం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళం. బయటికి వెళ్ళేది ప్రొసీడింగ్సు కాపీ ఒక్కటే. ఆ ఆర్డరు ఎందుకు వచ్చింది, ఎవరు ఏం రాశారు, ఏ అభ్యంతరాలు లేచాయి అన్నది నోట్ ఫైలులో ఉంటుంది. తారల సన్నటి ఫోటో ప్రొసీడింగ్సు కాపీ వంటిది. ఎవరు చూసే డాక్టరు, ఏ మందు, ఎంత ఖర్చు, ఏ జబ్బులున్నాయి, ఏ బాధలు పడ్డారు, రెండేళ్ళ తర్వాత బరువెంత అన్న నోట్ ఫైలు మన దాకా రాదు. నోట్ ఫైలు చూడకుండా ఆర్డరు అమలు చేయడం మన ఉద్యోగ ధర్మం కాదు, శరీర ధర్మమూ కాదు.

క్షేమమైన దారి ఏదని అడిగితే, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన మాటలు చాలు. వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. తగ్గించే ఆహారం రోజుకు 1000 కాలరీల కంటే తక్కువ ఉండకూడదు, అన్ని పోషకాలూ ఉండాలి. మూడు నెలల్లో ముప్పై కిలోలు అన్న ప్రకటనను ఈ లెక్కతో తూచి చూడండి. వారానికి అరకిలో అంటే మూడు నెలలకు ఆరు కిలోలు. మిగతా ఇరవై నాలుగు కిలోలకు సంజాయిషీ ఎవరిస్తారు?

సభ్యులకు నా మనవి ఇంతే. సుగరు, బి.పి., గుండె, కిడ్నీ మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఒక్క పూట భోజన పద్ధతి కూడా మార్చవద్దు. పళ్ళెంలో తెల్లన్నం కొంచెం తగ్గించి, పప్పు, పెరుగు, గుడ్డు, కూర పెంచండి. బందరు లడ్డు పండుగకు ఉంచండి. రోజూ నడవండి, నడకతో పాటు కుర్చీలోంచి చేతులు ఊనకుండా పదిసార్లు లేచి కూర్చోండి, తొడల కండ నిలుస్తుంది. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతుంటే సంతోషించకుండా వెంటనే పరీక్ష చేయించుకోండి. మన వయసులో అది జబ్బుకు సూచన కావచ్చు.

మనవరాళ్ళతో కూడా మాట్లాడండి. నిరుడు వేసవిలో మా మనవరాలు రాత్రి అన్నం మానేసి, ఎందుకని అడిగితే ఫోనులో ఒక కథానాయిక ఫోటో చూపించింది. నేను మందలించలేదు. ఆర్తీ అగర్వాల్ గురించి చెప్పాను. పిల్ల ఆ పేరు వినలేదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ రాత్రి పెరుగన్నం తిన్నది. ముప్పై ఒక్క ఏళ్ళకే వెళ్ళిపోయిన ఆ అమ్మాయి కథ మన ఇళ్ళల్లో ఒక్క పిల్లకైనా ఉపయోగపడాలని ఈ వ్యాసం రాశాను. సభ్యులు దీన్ని చదివి తమ ఇంట్లోని పిల్లల చేత కూడా చదివించవలసిందిగా కోరుతున్నాను.